మస్టాంగ్‌కు కంపెనీ ట్యూన్: పెరిగే పవర్ ఎంత, పడే ఖర్చు ఎంత?

డల్లాస్‌లోనో షికాగోలోనో ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయి వీడియో కాల్‌లో మాటల మధ్య అంటాడు: "అబ్బా, కారుకు ట్యూన్ వేయిద్దామనుకుంటున్నా. కంపెనీదే, భయం లేదు." ఇటు గుంటూరులోనో కర్నూలులోనో కూర్చున్న తండ్రికి ట్యూన్ అంటే పాట గుర్తొస్తుంది. "మొన్ననేగా కొన్నావు, అప్పుడే రిపేరేంటి బేటా?" అంటాడు. "రిపేర్ కాదు అబ్బా, సాఫ్ట్‌వేర్" అని అబ్బాయి నవ్వేస్తాడు. మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆగిపోకూడని మాట అది. ఆ సాఫ్ట్‌వేర్ వెనక వారంటీ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, ప్రతి వారం పెట్రోల్ బంకులో కట్టే డబ్బు ఉంది. అన్నిటికన్నా ముందు స్టీరింగ్ పట్టుకున్న పిల్లాడి ప్రాణం ఉంది. కంపెనీ ట్యూన్ అంటే ఏమిటి, కారులో ఏం మారుతుంది, ఎలా ఎక్కిస్తారు, ఎక్కించే ముందు ఏం అడగాలి అన్నది అటు పిల్లలకీ ఇటు పెద్దలకీ తెలిసి ఉండటం మంచిది. అమెరికాలో మన కుర్రాళ్లు ఎక్కువగా మోజుపడే ఫోర్డ్ మస్టాంగ్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

ఈ కారు ఎక్కడిది?

మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది. పొడవాటి బానెట్, పొట్టి వెనక భాగం, వెనక చక్రాలకు పవర్. ధర మాత్రం మధ్యతరగతికి అందేది. ఇప్పుడు ఈ కారు మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలో తయారవుతోంది. ఫోర్డ్ హెడ్డాఫీసు ఉన్న డియర్‌బార్న్ అక్కడికి దగ్గరే. ఆ ఊరి పేరు ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. ఫోర్డ్ ఫ్యాక్టరీల్లో పని కోసం లెబనాన్ నుంచి, తర్వాత యెమెన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో అమెరికాలోనే పెద్ద ముస్లిం జనాభా ఉన్న ఊళ్లలో ఒకటిగా డియర్‌బార్న్ మారింది.

2015 మోడల్ నుంచి అమ్మిన మస్టాంగ్‌లలో రెండు ఇంజిన్ల గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఒకటి 5.0 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. దీన్ని జీటీ అంటారు. 2015 నుంచి 2017 వరకు దీని పవర్ 435 హార్స్‌పవర్. రెండోది 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్, పేరు ఎకోబూస్ట్. దీని పవర్ 310 హార్స్‌పవర్, టార్క్ 320 పౌండ్-ఫుట్. ధర తక్కువ, మైలేజీ ఎక్కువ కాబట్టి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల చూపు ఎక్కువగా దీని మీదే ఉంటుంది. నాలుగు సిలిండర్లుంటే మజిల్ కార్ ఎలా అవుతుందని వీ8 అభిమానులు ఒప్పుకోరు, అది వేరే గొడవ.

ట్యూన్ అంటే ఏమిటి?

పాత అంబాసిడర్ రోజుల్లో మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో కార్బ్యురేటర్ తిప్పి, డిస్ట్రిబ్యూటర్ కాస్త జరిపి ఇంజిన్ శబ్దం విని సరిచేసేవాడు. అదే అప్పటి ట్యూనింగ్. ఇప్పుడు ఆ పనంతా ఇంజిన్ కంప్యూటర్ చేస్తోంది. లోపలికి వచ్చే గాలి ఎంత, దాని వేడి ఎంత, డ్రైవర్ పెడల్ ఎంత నొక్కాడు, పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది అని సెన్సర్లు క్షణక్షణం చెబుతూ ఉంటాయి. కంప్యూటర్‌లో పెద్ద పెద్ద పట్టికలు ఉంటాయి. ఇంత గాలికి ఇంత పెట్రోల్, ఇంత వేగానికి ఈ క్షణంలో స్పార్క్, ఇంత పెడల్‌కు ఇంత టార్క్ అని అందులో రాసి ఉంటుంది. ఆ పట్టికల్లోని అంకెలు మార్చడాన్నే ఇప్పుడు ట్యూన్ అంటున్నారు. కంపెనీవాళ్ల భాషలో క్యాలిబ్రేషన్.

మారే అంకెలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, స్పార్క్ టైమింగ్. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే ప్లగ్ మంట పుట్టిస్తుంది. సరైన క్షణానికి పుడితే పేలుడు ఒత్తిడి మొత్తం పిస్టన్‌ను కిందకి తోయడానికి పనికొస్తుంది. ఆలస్యమైతే కొంత శక్తి వేడిగా పోతుంది. మరీ ముందైతే ప్రమాదం.

రెండు, టర్బో ఒత్తిడి. ఎకోబూస్ట్‌లో టర్బో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. ఎంత నొక్కాలో కంప్యూటరే చెబుతుంది. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ పెట్రోల్ మండించవచ్చు.

మూడు, గాలి-పెట్రోల్ పాళ్లు. బరువు మీద నడిచేటప్పుడు పెట్రోల్ పాలు కాస్త పెంచితే సిలిండర్ లోపలి వేడి అదుపులో ఉంటుంది.

నాలుగు, పెడల్ స్పందన. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు. కాలు చెప్పిన మాట కంప్యూటర్‌కు వెళుతుంది, థ్రాటిల్ ఎంత తెరవాలో అది నిర్ణయిస్తుంది. ట్యూన్ తర్వాత "కారు పిచ్చెక్కినట్టు పోతోంది" అని కుర్రాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజమైన పవర్, కొంత ఈ పెడల్ మాయ.

మరి కంపెనీ ముందే ఎందుకు ఇవ్వలేదు?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. అంకెలు మారిస్తే పవర్ వస్తుందంటే, తయారు చేసినవాళ్లే ఆ అంకెలు పెట్టి ఎందుకు అమ్మలేదు?

సమాధానం: ఫ్యాక్టరీ ఒక్కరి కోసం కారు చేయదు. అదే కారును ఒకరు అలాస్కా మంచులో నడుపుతారు, ఇంకొకరు అరిజోనా ఎండలో నడుపుతారు. ఒకరు ప్రీమియం పెట్రోల్ పోస్తారు, ఇంకొకరు బంకులో దొరికే చవక రకం పోస్తారు. సర్వీసింగ్ టైముకు చేయించేవాళ్లూ ఉంటారు, మర్చిపోయేవాళ్లూ ఉంటారు. వీళ్లందరి చేతుల్లోనూ ఇంజిన్ ఏళ్ల తరబడి నిలబడాలి. పొగ పరీక్షలు పాసవ్వాలి, మైలేజీ లెక్క చెప్పినట్టు రావాలి. అందుకే కంపెనీ కొంత జాగా వదిలిపెడుతుంది. "ఈ కారులో ఎప్పుడూ ప్రీమియం పెట్రోలే పోస్తాను" అని మాటిచ్చే కస్టమర్‌కు ఆ జాగాలో కొంత తిరిగిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. కస్టమర్ మాట తప్పితే నష్టం కస్టమర్‌దే.

ఎంత పెరుగుతుంది?

ఫోర్డ్‌లో ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ అనే విభాగం ఈ కిట్లు అమ్ముతుంది. ఎకోబూస్ట్ మస్టాంగ్ కోసం 2016లో తెచ్చిన కిట్‌లో కొత్త క్యాలిబ్రేషన్, దాన్ని ఎక్కించే ప్రోకాల్ అనే చేతి పరికరం, మార్చి వేసుకునే ఎయిర్ ఫిల్టర్ ఉన్నాయి. అప్పటి ధర 699 డాలర్లు. ప్రీమియం పెట్రోల్‌తో పవర్ 310 నుంచి 335 హార్స్‌పవర్‌కు, టార్క్ 320 నుంచి 390 పౌండ్-ఫుట్‌కు పెరుగుతుందని కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ పవర్ అంకె కన్నా టార్క్ అంకెను చూడాలి. పవర్ పెరిగింది 25 మాత్రమే. టార్క్ పెరిగింది 70. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం. సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు, హైవేలోకి చేరేటప్పుడు, లారీని దాటేటప్పుడు కాలికి తెలిసేది అదే.

వీ8 జీటీకి మూడు పవర్ ప్యాక్‌లు తెచ్చారు. మొదటిదాంతో 13 హార్స్‌పవర్, రెండోదాంతో 21, మూడోదాంతో 37 పెరుగుతాయి. రెండో ప్యాక్‌లో జీటీ350 మోడల్‌కు వాడిన 87 మిల్లీమీటర్ల థ్రాటిల్ బాడీ వస్తుంది. మూడో ప్యాక్‌లో దాని ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా వస్తుంది, ఇంజిన్ 7500 ఆర్‌పీఎం దాకా తిరిగేలా హద్దు పెంచుతారు.

చిన్న ఇంజిన్‌కు ఉత్త సాఫ్ట్‌వేర్‌తో ఇంత వస్తే, పెద్ద ఇంజిన్‌కు 13 మాత్రమే ఎందుకు? కారణం టర్బో. ఎకోబూస్ట్‌లో గాలిని ఇంకాస్త నొక్కమని కంప్యూటర్‌కు చెబితే చాలు. వీ8లో గాలి తనంతట తను లోపలికి రావాలి. దారి వెడల్పు చేయకుండా ఎక్కువ గాలి రాదు. అందుకే థ్రాటిల్ బాడీ, మానిఫోల్డ్ మార్చాల్సి వస్తుంది.

పెట్రోల్ విషయంలో అసలు జాగ్రత్త

ట్యూన్ వేసిన కారులో చవక పెట్రోల్ పోయకూడదనే మాట ఎందుకొస్తుంది? నాకింగ్ వల్ల. ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్‌లో క్రమంగా పాకాలి. ఒత్తిడి, వేడి మరీ ఎక్కువైతే మంట చేరకముందే మూలల్లో ఉన్న మిశ్రమం దానంతట అదే పేలుతుంది. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. నాకింగ్‌ను తట్టుకునే గుణాన్నే ఆక్టేన్ అంకె చెబుతుంది. నాక్ సెన్సర్ దీన్ని పసిగట్టి కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. అంటే పవర్ తగ్గించేస్తుంది. కానీ సెన్సర్ కాపలాదారు మాత్రమే. రోజూ దొంగలు వచ్చే ఇంట్లో కాపలాదారు ఎంతకాలం కాస్తాడు?

ఇంకో చోట మనవాళ్లు పొరబడతారు. అమెరికా బంకు మీద కనిపించే 91, ఇండియా బంకు మీది 91 ఒకటి కావు. ఇండియాలో, గల్ఫ్‌లో చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ అంకె. అమెరికాలో రాసేది రెండు రకాల పరీక్షల సగటు. అమెరికా 91 అంటే మన లెక్కలో దాదాపు 95, 96. ఇండియాలో చాలాకాలం అమ్మిన మామూలు పెట్రోల్ 91. అది అమెరికా ప్రీమియంతో సమానం కాదు, అక్కడి రెగ్యులర్ 87కు దగ్గర. దుబాయ్‌లో, కువైట్‌లో 91, 95, 98 రకాలు దొరుకుతాయి. అమెరికాలోనూ రాష్ట్రానికో తేడా ఉంది. టెక్సాస్‌లో ప్రీమియం అంటే సాధారణంగా 93, కాలిఫోర్నియాలో 91. కొలరాడో లాంటి ఎత్తైన చోట్ల రెగ్యులరే 85 ఉంటుంది.

699 డాలర్లేనా? లెక్క వేసి చూడండి

కిట్ ధర చూసి ఖర్చు అంతే అనుకుంటే లెక్క తప్పుతుంది. స్టాక్ ఎకోబూస్ట్ 87 రెగ్యులర్‌తో నడుస్తుంది. ట్యూన్ తర్వాత ప్రీమియం తప్పనిసరి.

ఒక ఉదాహరణ. అబ్బాయి ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాడనుకుందాం. కారు గ్యాలన్‌కు 25 మైళ్లు ఇస్తుందనుకుందాం. ఏడాదికి 480 గ్యాలన్లు. రెగ్యులర్‌కు ప్రీమియంకు తేడా గ్యాలన్‌కు 80 సెంట్లు అనుకుంటే ఏడాదికి 384 డాలర్లు అదనం. మూడేళ్లకు 1152 డాలర్లు. దానికి 699 కలిపితే 1851. డీలర్ దగ్గర ఎక్కించే కూలీ వేరు, పన్ను వేరు. ఎక్కువ టార్క్‌కు వెనక టైర్లు త్వరగా అరగడం వేరు. అంటే పెట్రోల్ తేడానే మూడేళ్లలో కిట్ ధరను మించిపోతుంది. క్రెడిట్ కార్డు మీద కొని నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడితే వడ్డీ కూడా చేరుతుంది. సరదా కోసం వడ్డీలో దిగడం ఏ రకంగానూ మంచిది కాదని ఇంట్లో పెద్దలు చెప్పాల్సిన చోటు ఇది. జేబులో డబ్బు ఉంటేనే చేయించుకోవాలి.

ఎలా ఎక్కిస్తారు?

పని పెద్దది కాదు. కానీ తొందరపడితే మాత్రం పెద్దదవుతుంది.

మొదట కారు ఆరోగ్యం చూస్తారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉంటే ముందు దాన్ని తేల్చాలి. జబ్బు మీద ఉన్న ఇంజిన్‌కు ట్యూన్ వేయకూడదు. వేరే కంపెనీ ట్యూన్ ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసేసి స్టాక్ సాఫ్ట్‌వేర్‌కు తేవాలి. కారు సంవత్సరం, ఇంజిన్, గేరు రకం కిట్‌కు సరిపోతున్నాయో లేదో ఛాసిస్ నంబర్‌తో సరిచూడాలి. మాన్యువల్‌కు ఒకటి, ఆటోమేటిక్‌కు ఒకటి వేరువేరు క్యాలిబ్రేషన్లు ఉంటాయి.

ట్యాంకులో ముందే ప్రీమియం పెట్రోల్ ఉండాలి. సగం రెగ్యులర్ ఉండగా ట్యూన్ ఎక్కించి రోడ్డెక్కడం తప్పు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ లాంటి వస్తువులు మారుస్తారు.

ఆ తర్వాత ప్రోకాల్ పరికరాన్ని స్టీరింగ్ కింద ఉండే డయాగ్నస్టిక్ పోర్టుకు తగిలిస్తారు. అది ముందు కారు వివరాలు చదువుకుంటుంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపితే ఆ కారుకు సరిపడే ఫైల్ కంపెనీ నుంచి దిగుతుంది. మళ్లీ కారుకు తగిలించి ఎక్కిస్తారు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, ఇంజిన్ నడవకూడదు. తెర మీద ఎప్పుడు ఆన్ చేయమంటే అప్పుడు, ఎప్పుడు ఆఫ్ చేయమంటే అప్పుడు చేయాలి.

ఇక్కడ అసలు గండం బ్యాటరీ. ఎక్కించే మధ్యలో కరెంటు పడిపోతే ఇంజిన్ కంప్యూటర్‌లో సగం పాతది, సగం కొత్తది మిగిలిపోతుంది. కారు స్టార్టే కాకపోవచ్చు. అందుకే బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచాలి. లైట్లు, ఏసీ, రేడియో ఆపేయాలి. తలుపులు తెరిచి మూసి ఆడకూడదు, కేబుల్ కదపకూడదు, మధ్యలో ఫోన్ ఛార్జింగ్ పెట్టకూడదు. మీటర్ బోర్డు మీద ఒక్కసారిగా రకరకాల హెచ్చరికలు వెలగవచ్చు, ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు. గాబరాపడి తాళం తీసేయకూడదు. పని పూర్తయ్యేదాకా ఆగాలి.

అయిపోయాక ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు ఐడిల్‌లో ఉంచుతారు. లైట్లన్నీ ఆరాయో లేదో చూస్తారు. మొదట్లో నెమ్మదిగా నడపాలి. కొత్త అంకెలకు ఇంజిన్, గేర్‌బాక్స్ అలవాటు పడతాయి. పొగ నియమాల అనుమతి నంబరు ఉన్న స్టిక్కర్ ఇస్తే బానెట్ కింద అతికించాలి. రసీదు, పరికరం జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ పరికరం ఆ ఒక్క కారుకే ముడిపడి ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి రావాలంటే అదే కావాలి.

ఇంకో మాట. తర్వాత ఎప్పుడైనా సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఈ కారులో కంపెనీ పెర్ఫార్మెన్స్ ట్యూన్ ఉందని ముందే చెప్పాలి. చెప్పకపోతే వర్క్‌షాప్‌లో మామూలు అప్‌డేట్ ఎక్కించేస్తారు, కొన్న ట్యూన్ చెరిగిపోతుంది.

వారంటీ ఏమవుతుంది?

"కంపెనీదే, భయం లేదు" అన్న మాటలో సగమే నిజం. ఈ ట్యూన్‌ను ఫోర్డ్ డీలర్ గానీ, ఏఎస్ఈ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ గానీ ఎక్కిస్తే 3 ఏళ్లు లేదా 36,000 మైళ్ల ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ వారంటీ వర్తిస్తుంది. ఇంట్లో పార్కింగ్‌లో స్నేహితుడితో కలిసి ఎక్కించుకుంటే ఆ రక్షణ దక్కదు. పరికరం అదే, ఫైల్ అదే, చేయి మాత్రమే వేరు. అందుకే డీలర్ కూలీ మిగిల్చుకుందామనుకోవడం తెలివైన పొదుపు కాదు.

మరో సంగతి. అమెరికాలో కొత్త ఫోర్డ్ కారుకు ఇంజిన్, గేర్‌బాక్స్ మీద 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ ఉంటుంది. ట్యూన్ వారంటీ 3 ఏళ్లు, 36,000 మైళ్లు. రెండు అంకెలు ఒకటి కావు. నాలుగో ఏట ఇంజిన్‌కు ఏదైనా అయితే ఎవరు చూస్తారు? ట్యూన్ వారంటీ మొదలయ్యేది కారు కొన్న రోజు నుంచా, ట్యూన్ ఎక్కించిన రోజు నుంచా? ఈ రెండు ప్రశ్నలకు డబ్బు కట్టకముందే డీలర్ దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. నోటిమాట చాలదు.

1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయట వస్తువు ఒకటి వేసినంత మాత్రాన కారు మొత్తం వారంటీ రద్దు చేయడానికి కంపెనీకి వీల్లేదు. ఆ వస్తువు వల్లే ఫలానా నష్టం జరిగిందని చూపించాలి. ఇది వినియోగదారుడికి మంచి చట్టమే. అయితే ఇంజిన్ ట్యూన్ మార్చాక పిస్టన్ పగిలితే, రెండిటికీ సంబంధం లేదని వాదించడం కష్టం. ఇంజిన్ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో వర్క్‌షాప్‌లో చదవగలరు. దాచిపెట్టి క్లెయిమ్ అడగడం కుదరదు. అది అబద్ధం చెప్పడం కిందికే వస్తుంది.

బయటి ట్యూన్‌తో తేడా

బయటి ట్యూనర్లు ఇంకా ఎక్కువ పవర్ ఇస్తారు. వాళ్లలో పనితనం ఉన్నవాళ్లూ ఉన్నారు. తేడా పవర్‌లో కాదు, బాధ్యతలో. కంపెనీ ట్యూన్‌లో టెస్టింగ్, పొగ నియమాల అనుమతి, వారంటీ కలిసి వస్తాయి. బయటి ట్యూన్‌లో ఇంజిన్ పోతే నష్టం సొంతదారుడిదే.

చట్టం కూడా ఉంది. పొగ నియంత్రణ పరికరాలను పని చేయకుండా చేసే ట్యూన్లు అమెరికా క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో 2021 జులై నుంచి స్మాగ్ చెక్‌లో కారు సాఫ్ట్‌వేర్‌ను కూడా చూస్తున్నారు. కంపెనీది కాని, రాష్ట్ర అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఉంటే కారు ఫెయిల్. రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

పాత మస్టాంగ్ కొంటున్నారా?

మన కుర్రాళ్లలో చాలామంది సెకండ్ హ్యాండ్ కొంటారు. అప్పుడు ఈ ప్రశ్నలు అడగాలి. దీనికి ట్యూన్ వేశారా? వేస్తే ఎవరిది, రసీదు ఉందా? పరికరం ఇస్తున్నారా? ట్యూన్ ఉన్న కారు అమ్ముతూ పరికరం ఇవ్వకపోతే పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి వెళ్లడం ఇబ్బంది. ఎయిర్ ఫిల్టర్ బయటిది ఉందా, బానెట్ కింద స్టిక్కర్ ఉందా చూడాలి. తెలిసిన మెకానిక్‌తో స్కాన్ చేయించి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ స్టాక్‌దేనా అని కనుక్కోవాలి. వంద డాలర్ల చెక్ వేల డాలర్ల ఇంజిన్‌ను కాపాడుతుంది.

గల్ఫ్‌లో, ఇండియాలో ఉన్నవాళ్ల సంగతి

కడప, రాయచోటి వైపు నుంచి కువైట్, సౌదీ, ఎమిరేట్స్ వెళ్లినవాళ్ల ఇళ్లలోనూ మస్టాంగ్ కలలు ఉన్నాయి. అక్కడ ఎండే మొదటి సమస్య. వేడి గాలి పలచగా ఉంటుంది, నాకింగ్ త్వరగా వస్తుంది. అమెరికా కారు కోసం చేసిన క్యాలిబ్రేషన్‌ను గల్ఫ్ కారుకు ఎక్కించకూడదు. స్థానిక డీలర్ ఒప్పుకున్నదే వేయించాలి. ఎమిరేట్స్‌లో 2017 నుంచి అమలైన నియమాల్లో అనుమతి లేకుండా ఇంజిన్ లేదా ఛాసిస్ మార్చితే 1000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు ఉన్నాయి. 2020లో అబుదాబీ తెచ్చిన చట్టంలో ఆ బండి విడిపించుకోవడానికి 10,000 దిర్హాములు పెట్టారు. జీతం మీద బతికేవాడికి అది మామూలు దెబ్బ కాదు.

ఇండియాలో మస్టాంగ్ జీటీని 2016 నుంచి దిగుమతి చేసి అమ్మారు. 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ ప్రకటించింది. అందుకని కొత్త మస్టాంగ్ మాట పక్కన పెట్టినా, హైదరాబాద్‌లో చిన్న టర్బో కార్లకు రీమ్యాప్ పేరుతో ఇదే పని చేసేవాళ్లు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పెట్టారు. చేసిన మార్పు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

చివరగా, రోడ్డు మీద

మస్టాంగ్ పవర్ వెనక చక్రాలకు వెళుతుంది. వర్షం పడిన రోడ్డు మీద, అరిగిన టైర్లతో, మలుపులో కాలు గట్టిగా నొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. ట్యూన్‌తో ఆ టార్క్ ఇంకా కింది వేగంలోనే, ఇంకా గట్టిగా వస్తుంది. స్టాక్ కారులో అలవాటైన కాలు ట్యూన్ కారులో పనికిరాదు. కాబట్టి డబ్బు మిగిలి ఉంటే ముందు మంచి టైర్లు, మంచి బ్రేకులు, ఆ తర్వాతే ట్యూన్. నడపడం నేర్పే ట్రాక్ స్కూళ్లు అమెరికాలో ఉన్నాయి. స్పీడు సరదా అక్కడ తీర్చుకోవచ్చు, హైవే మీద కాదు. పక్క లేన్‌లో వెళ్లే కారులో కూడా ఎవరో ఒకరి పిల్లలు ఉంటారు.

ఈసారి అబ్బాయి ఫోన్‌లో ట్యూన్ మాట ఎత్తితే తండ్రి "వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేయక్కర్లేదు. ఐదు ప్రశ్నలు అడిగితే చాలు. ఎవరు ఎక్కిస్తున్నారు? వారంటీ కాగితం మీద ఏం రాశారు? ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పావా? ప్రీమియం పెట్రోల్ ఖర్చు లెక్క వేశావా? టైర్లు ఎలా ఉన్నాయి? ఈ ఐదింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే కుర్రాడు కారును కూడా జాగ్రత్తగానే నడుపుతాడు. చెప్పలేకపోతే కారు స్టాక్‌గానే ఉండనివ్వమనండి. 310 హార్స్‌పవర్ ఆఫీసుకు వెళ్లి రావడానికీ, శుక్రవారం జుమాకు వెళ్లి రావడానికీ ఎక్కువే.